ఆముదం తాగిన పిస్తోలు

నేను ఒక పిస్తోలును. ఈ మాట వినగానే మీరు ఒక అడుగు వెనక్కి వేసి ఉంటారు. ఫరవాలేదు, నాకు అలవాటే. నన్ను చూసి అనుమానపడని మనిషిని నేనింతవరకూ చూడలేదు. నేను అనుమానపడని మనిషినీ చూడలేదు. నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ ముందుగా ఎదుటివాడి చేతులవైపు చూస్తాడు. తన చేతివైపు చూసుకున్నవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను, అదీ ఈ మధ్యనే. ఆ సంగతే చెబుతాను.

పుట్టింది బెల్జియంలో, తొంభై ఏళ్ళ కిందట. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, ఏడు తూటాలు పట్టే కడుపు. మా జాతిలో కొందరికి వీపు మీద సుత్తి ఉంటుంది. అది పైకి లేస్తే ఎదుటివాడికి ముందే సంగతి తెలిసిపోతుంది. నాకు సుత్తి లేదు. లోపల ఒక సన్నని గొట్టం, అందులో స్ప్రింగు, దాని ముందు ఒక ఉక్కు సూది ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కితే ఆ సూది ముందుకు దూకి తూటా వెనకున్న బిళ్ళను పొడుస్తుంది. దాన్ని స్ట్రైకర్ అంటారు. అంటే నాకు కోపం వచ్చిందో లేదో పైకి కనిపించదన్నమాట. ఈ ఒక్క గుణంలో నేను మనుషులకు దగ్గరి చుట్టాన్ని. నా కథంతా ఆ సూది చుట్టూ తిరిగేదే కాబట్టి ఇంత చెప్పాల్సి వచ్చింది.

నా మొదటి యజమాని సికింద్రాబాదులో ఉండే ఒక తెల్ల రైల్వే ఇంజనీరు. అతనికి తన వంటవాడి మీద అనుమానం. వంటవాడికి అతని మీద అనుమానం. పదేళ్ళపాటు నేను అతని దిండు కింద పడుకున్నాను. ఆ పదేళ్ళూ వాడు వండినదే అతను తిన్నాడు, అతను ఇచ్చిన జీతమే వాడు తీసుకున్నాడు, నన్ను ఎవరూ పేల్చలేదు. దేశం విడిచిపోతూ అతను నన్ను మహదేవపూర్ అడవుల్లో కలప కాంట్రాక్టు చేసే మాణిక్యరావుకు అమ్మాడు.

మాణిక్యరావు నన్ను రెండుసార్లు పేల్చాడు. ఒకసారి ఆకాశం మీద, ఇంకోసారి గట్టు మీద పెట్టిన కొబ్బరికాయ మీద. తరవాత తరవాత ఆయన కథల్లో ఆ కొబ్బరికాయకు బొచ్చు మొలిచింది, గోళ్ళు వచ్చాయి, చివరికి అది ఎలుగుబంటి అయి కూర్చుంది. పోయే ముందు కొడుకులకు ఒక్క మాట చెప్పాడు. "దీన్ని ఎప్పుడూ విప్పకుండ్రి. విప్పితే దొర పెట్టిన బిగువు పోతది." అలా నన్ను విప్పకపోవడం ఆ ఇంటి ఆచారమైంది. పెద్దకొడుకు పురుషోత్తమరావు ప్రతి శుక్రవారం నన్ను పాత పంచెగుడ్డతో తళతళలాడేలా తుడిచేవాడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సున్న అందరిలాగే పోలీసు స్టేషన్‌లో అప్పగించి, అవి అయిపోయాక తెచ్చుకునేవాడు. మహర్నవమినాడు పీట మీద పడుకోబెట్టి బొట్టు పెట్టించేవాడు. పేల్చడం మాత్రం ఎరగడు. పైన పటారం లోన లొటారం అంటారే, నా బతుకు అలా తయారైంది.

తండ్రి పోయాక పురుషోత్తమరావుకూ తమ్ముడు విఠల్‌రావుకూ మామిడితోటలో బావి దగ్గర చెడింది. బావి ఎవరి వాటాలోకి రావాలన్నది గొడవ. పురుషోత్తమరావు చెడ్డవాడు కాదు. వ్యవసాయశాఖలో నౌకరీ, రైతులకు ఓపిగ్గా విత్తనాల సంగతి చెప్పే మనిషి. కానీ అనుమానం పట్టుకుంటే వదిలేవాడు కాదు. తమ్ముడు హద్దురాళ్ళు జరుపుతున్నాడని రాళ్ళకు సున్నం గుర్తులు పెట్టాడు. గుర్తులు చెదరకపోతే, వాడు రాయి జరిపి మళ్ళీ సున్నం పెట్టాడని అనుమానించాడు. ఒకరోజు తమ్ముడు వాకిట్లోకి వచ్చి గట్టిగా మాట్లాడితే, బీరువాలోంచి నన్ను తీసి వాడి ఛాతీకి గురిపెట్టాడు. భార్య సుభద్రమ్మ పరుగెత్తుకొచ్చి ఆ చేతికి వేలాడింది. ఆ పూటకు గండం గడిచింది.

ఆ ఏడు మహర్నవమికి సుభద్రమ్మ భర్తను బంతిపూలకు పంపి, పూజగది తలుపు దగ్గరగా వేసింది. భర్త లాగడం చూసి నేర్చుకుందేమో, నా పైభాగాన్ని బలంగా వెనక్కి లాగింది. బొటనవేలి చర్మం లేచిపోయింది. సూది తొంగిచూసే రంధ్రంలోకి గోరువెచ్చని ఆముదం చెంచాతో పోసి, పైన చిటికెడు కుంకుమ వేసింది. "తల్లీ, ఇది తప్పయితే నన్ను కొట్టు" అని అమ్మవారికి మొక్కింది. చంటిపిల్లలకు కడుపు కదలాలని ఆముదం పడతారు. నాకు మాత్రం కడుపు బిగుసుకుపోవాలని పట్టింది. ఏటేటా పట్టింది. పాత ఆముదం బంకలా మారి, కుంకుమతో కలిసి సూదిని ఒరలో కత్తిలా పట్టేసింది.

మూడేళ్ళ తరవాత అదే బావి దగ్గర పురుషోత్తమరావు తమ్ముడి మీదకు నన్ను మళ్ళీ ఎత్తాడు. ఈసారి చేతికి వేలాడేవాళ్ళు లేరు. ట్రిగ్గర్ నొక్కాడు. నాలోంచి 'టిక్' అని చిన్న చప్పుడు వచ్చింది, అంతే. విఠల్‌రావు మొహం సున్నంలా పాలిపోయింది. "ఖాళీదేరా, బెదిరించిన" అన్నాడు అన్న. చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మారు. విఠల్‌రావు నమ్మాడో లేదో గానీ ఆనాటినుంచీ అన్న గడప తొక్కలేదు. ఇంటికొచ్చి పురుషోత్తమరావు నాలోంచి తూటా తీసి చూశాడు. వెనక బిళ్ళ మీద సన్నని చుక్కలా సొట్ట ఉంది. అమ్మవారే ఆపిందనుకుని కొబ్బరికాయ కొట్టాడు. ఆపినది అమ్మవారు కాబట్టి, తాను చేయబోయిన పని గురించి ఆయన పెద్దగా ఆలోచించలేదు. సుభద్రమ్మ నోరు విప్పలేదు. ఆమెకూ, ఒక బెల్జియం ఇనుపముక్కకూ తప్ప ఆ రహస్యం ఎవరికీ తెలియదు.

అలా ఇరవయ్యారేళ్ళు గడిచాయి. ఆయనకు డెబ్భై నాలుగు వచ్చాయి, చేతులు వణకసాగాయి. లైసెన్స్ రెన్యువల్ కోసం ఆఫీసు మెట్లెక్కడం కష్టమైంది. నన్ను అమ్మేద్దామనుకున్నాడు. సుభద్రమ్మ పీడ విరగడవుతుందని సంతోషించింది. కొనడానికి ఎవరు వస్తారో తెలిస్తే అంత సంతోషించేది కాదు.

వచ్చింది కనకలక్ష్మి. జనగామ రోడ్డు మీద పెట్రోల్ బంకు నడుపుతుంది. రోజూ పొద్దున్నే అయిదు లీటర్ల కొలపాత్రలో తన పంపు పెట్రోలు తానే పట్టి, కంటికి ఎదురుగా పెట్టి గీత చూసుకునే మనిషి. ఏడాది కిందట బ్యాంకుకు పోతున్న ఆమె భర్త సమ్మయ్యను బండి మీద వచ్చిన ఇద్దరు ఇనుపరాడ్డుతో కొట్టి డబ్బు సంచి లాక్కుపోయారు. ఆయనకు ఒక కన్ను పోయింది. బంకు ఆమె పేరు మీద ఉంది కాబట్టి పిస్తోలు లైసెన్సూ ఆమె పేరునే వచ్చింది. ఇక ఆ సంచి తానే మోయాలి. అందుకే ఆమెకు కావలసింది అందమైన పిస్తోలు కాదు, అవసరానికి పేలే పిస్తోలు.

ఆమె సోఫాలో కూర్చుని నా నంబరు కాగితంతో పోల్చి చూసింది, గొట్టంలోకి తొంగిచూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది.

"ఎన్నిసార్లు పేల్చిండ్రు సార్ దీన్ని?" అని అడిగింది.

పురుషోత్తమరావు గొంతు సవరించుకుని ఎలుగుబంటి కథ మొదలుపెట్టాడు. ఆమె చివరిదాకా విన్నది.

"ఎలుగుబంటి సంగతి ఎలుగుబంటినే అడగాలె సార్. అది లేదు గద. షూటింగ్ రేంజికి తీస్కపోయి కొట్టి చూద్దాం. పేలితే తీస్కుంట."

చాయ్ తెస్తున్న సుభద్రమ్మ చేతిలో పళ్ళెం గలగలలాడింది. కనకలక్ష్మి ఆ చప్పుడు విని, ఆ చేతిని చూసి, మొగుడూ పెళ్ళాం కలిసి పాడైన సరుకు అంటగడుతున్నారని తేల్చుకుంది. కళ్ళు మంచివే గానీ, చూసినదానికి అర్థం తప్పు చెప్పుకుంది.

ఆ మధ్యాహ్నం భర్త కునుకు తీస్తుంటే సుభద్రమ్మ నన్ను వంటింట్లోకి తెచ్చింది. కిరోసిన్ చుక్కలు వేసి చీపురుపుల్లతో పొడిచింది. పుల్ల విరిగింది గానీ బంక కదల్లేదు. ఇన్నేళ్ళు తాను పోసినది తనకే లొంగలేదు. ఆమె పొయ్యిగట్టుకు ఆనుకుంది. తన భార్య తనను నమ్మలేదనీ, పక్కనే కూర్చుని అన్నం పెడుతూ ఇన్నేళ్ళు నమ్మలేదనీ ఆయనకు తెలిస్తే? ఈ వయసులో ఆ మొహం ఎలా చూడాలి? ఆమె భయమంతా అదే. నాకు ఆమె మీద జాలివేసింది. నేను సాయం చేయగలిగి ఉంటే ఆ సూదిని నేనే కదిలించుకునేదాన్ని.

"నేను గూడ వస్త రేంజికి" అంది సుభద్రమ్మ మర్నాడు.

"నీకేం పని ఆడ?" అన్నాడు ఆయన, అనుమానంగానే.

"ఇంట్ల పుట్టిన బిడ్డ లెక్క ఉన్నది. సాగనంపొద్దా?"

ఆయన ఆమె వచ్చేదాకా వాకిట్లో ఆగాడు.

హనుమకొండ అవతల ఒక రైఫిల్ క్లబ్ రేంజి ఉంది. ఎదురుగా మట్టికట్ట, దాని ముందు కాగితపు గురి, ఇటువైపు సిమెంటు బల్ల, రేకుల పందిరి. ఇద్దరి లైసెన్సులూ, అనుమతి కాగితాలూ ఆఫీసులో చూపించాక, ఆయుధాలు బాగుచేసే యాకూబ్ సాబ్ నన్ను బల్ల మీద పెట్టాడు. అరవై దాటిన మనిషి, మెడలో చిన్న భూతద్దం వేలాడుతూ ఉంటుంది. పురుషోత్తమరావు తన పాత తూటాల డబ్బా తీశాడు.

"అవి వద్దు" అంది కనకలక్ష్మి. "క్లబ్బు తూటాలు ఇయ్యుండ్రి. రేపు పేలకపోతే తూటా పాతదంటరు."

చెవులకు మూతలు పెట్టుకుని, రెండు చేతులతో నన్ను పట్టుకుని, గురి చూసి ట్రిగ్గర్ నొక్కింది. టిక్.

"దించకమ్మా" అన్నాడు యాకూబ్. "మట్టికట్ట దిక్కే ఉంచు. ఒక్కోసారి ఆలస్యంగ పేలుతది. నేను చెప్పెదాక కదలకు."

అరనిమిషం ఎవరూ కదల్లేదు. నేను పురుషోత్తమరావు మొహమే చూస్తున్నాను. ఆ 'టిక్' చప్పుడు ఆయన ఎక్కడ విన్నాడో నాకు తెలుసు. ఆయన కనురెప్ప ఒకసారి అదిరింది. యాకూబ్ ఆ తూటా తీసి పక్కన పెట్టాడు. రెండోదీ అంతే అయింది. మూడోదీ అంతే. అదే డబ్బాలోంచి ఇంకో తూటా తీసి క్లబ్బు పిస్తోలులో పెట్టి కొడితే చక్కగా పేలింది.

"తూటాలు మంచివే" అంది కనకలక్ష్మి, చెవి మూతలు తీస్తూ. "సార్, సూది అరగదీసిండ్రా, విరిగిందా? ఉన్నది ఉన్నట్టు చెప్తే ఇంత దూరం వచ్చెటోళ్ళం గాదు గద."

పురుషోత్తమరావు మొహం ఎర్రబడింది. ఆయనను జీవితంలో ఎవరూ మోసగాడని అనలేదు. "నా ఇంట్ల ఉన్నన్ని దినాలు దీనికేం గాలె. స్టేషన్ల పెట్టినప్పుడే ఎవడో పార్టు మార్చిండు."

"ఈ పార్టుకు ఈ దేశంలో జోడీ దొరకదు సార్" అన్నాడు యాకూబ్, భూతద్దం కంటికి పెట్టుకుంటూ. "విప్పి చూస్త."

"విప్పొద్దు" అన్నారు ఆలుమగలు ఒకేసారి. ఆయన తండ్రి మాట కోసం అన్నాడు. ఆమె ఎందుకన్నదో మీకు తెలుసు. కనకలక్ష్మి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"విప్పకుంటే నేను పోత" అంది.

యాకూబ్ విప్పాడు. తొంభై ఏళ్ళలో నన్ను ఎవరూ అంతగా విప్పలేదు. సిగ్గేసింది, ఆ మాట దాచను. స్ప్రింగు వెంట బయటికొచ్చిన సూదికి నలుపు కలిసిన ఎర్రని ముద్ద అతుక్కుని ఉంది. గుడ్డ మీద పెట్టి గోటితో గీరాడు. వాసన చూశాడు. కనకలక్ష్మికి చూపించాడు.

"ఆముదం" అంది ఆమె వెంటనే. "ఇందుల కుంకుమ గూడ ఉన్నది."

అంటూ తలెత్తి సుభద్రమ్మను చూసింది. సుభద్రమ్మ తేలు కుట్టిన దొంగలా కొంగు మునివేళ్ళతో నలుపుతూ నేలచూపులు చూస్తోంది. నిన్న గలగలలాడిన పళ్ళెం సంగతి కనకలక్ష్మికి ఇప్పుడు సరిగ్గా అర్థమైంది. ఆమె మాట మార్చింది. "దసరా పూజల నూనె కారి ఉంటది సార్. మా ఇంట్ల కొడవళ్ళకు గూడ ఇట్లనే పడతది." కొలపాత్ర గీత దగ్గర వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని మనిషి, ముక్కూ మొహం తెలియని ఆడమనిషి కోసం అబద్ధమాడింది.

కానీ అనుమానానికి దారి చూపిస్తే అది తన ఊరికే పోతుంది. పురుషోత్తమరావు బల్ల మీద గట్టిగా చరిచాడు.

"కారుడు గాదు ఇది, పోసుడు. ఎవడు పోసిండో నాకెర్కే. విఠల్ గాడు. మా నాయన పోయిన ఏడు దసరాకు పూజగదిలకు వచ్చిండు వాడు. నా ఆయుధం పనికి రాకుండ జేసి నా మీదికి రావాలని చూసిండు. రేపే స్టేషన్ల కేసు పెడ్త. వాని బిడ్డ లగ్గం ముంగట బెట్టుకొని ఎట్ల తిరుగుతడో చూస్త."

సుభద్రమ్మ తలెత్తింది. దాచుకుంటే తన కాపురం పచ్చగా ఉంటుంది, మరిది మీద కేసు పడుతుంది. ఆమె ఎంతోసేపు ఆలోచించలేదు.

"విఠల్ గాదు" అంది. "నేను పోసిన."

పురుషోత్తమరావు ఆమెవైపు చూశాడు. ఇన్నేళ్ళుగా ఆయన స్టేషన్ వాళ్ళను అనుమానించాడు, తోట కొలిచిన సర్వేయరును అనుమానించాడు, తమ్ముణ్ణీ, హద్దురాళ్ళనూ అనుమానించాడు. ఆమెను అనుమానించాలని ఎప్పుడూ తోచలేదు.

"ఎప్పటి సంది?"

"మీరు వాకిట్ల గురిబెట్టిన ఏటి సంది. ఏటేటా పోసిన."

ఆయన పెదవులు కదిలాయి. లెక్క కడుతున్నాడని నాకు తెలిసింది. వాకిట్లో గురిపెట్టింది ముందు, బావి దగ్గర నొక్కింది తరవాత. మధ్యలో మూడు దసరాలు. ఆ రోజు ఆపింది ఏ అమ్మవారో ఆయనకు తెలిసివచ్చింది. మెల్లిగా బెంచీ మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తన చేతిని తానే అనుమానంగా చూసుకున్న మనిషిని నేను చూడడం అదే మొదలు.

యాకూబ్ ఎవరి మొహమూ చూడకుండా పని చేసుకుపోయాడు. పెట్రోలులో నానబెట్టి, బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, సూదిని మళ్ళీ అమర్చాడు. కనకలక్ష్మి ఏడు తూటాలు పెట్టి ఏడూ కొట్టింది. ఏడూ పేలాయి. నా ఒళ్ళు వేడెక్కింది. గురి మీద అయిదు చిల్లులు పడ్డాయి. నేను పనికిరాని సరుకును కాదని తేలినందుకు గర్వపడ్డాను. ఆ వెంటనే, ఇరవయ్యారేళ్ళ కింద ఇలాగే పేలి ఉంటే అన్న ఆలోచన వచ్చి ఆ గర్వం కాస్తా చల్లారింది.

"మీరు గూడ ఒకసారి కొట్టుండ్రి సార్, ఆఖరిసారి" అన్నాడు యాకూబ్ మర్యాదకు.

"వద్దు, నేను ముట్ట" అన్నాడు పురుషోత్తమరావు. కాసేపటికి భార్యవైపు తిరగకుండానే, "నీళ్ళున్నయా?" అని అడిగాడు. ఆమె సీసా ఇచ్చింది. సగం తాగి మూత పెట్టాడు.

"విఠల్ బిడ్డ లగ్గం ఎన్నడన్నవ్?"

"పదిహేడు తారీకు" అంది సుభద్రమ్మ. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మనకు కార్డు రాలె గద."

"రాకపోతేంది. పెదనాయనకు కార్డెందుకు?"

ఆయన తలూపాడు.

చేతులు కడుక్కోవడానికి కనకలక్ష్మి నల్లా దగ్గరికి పోతే సుభద్రమ్మ వెనకే వెళ్ళింది. నేను అప్పుడు కనకలక్ష్మి సంచిలోని పెట్టెలో ఉన్నాను.

"నా కోసం అబద్ధమాడినవ్ బిడ్డా" అంది సుభద్రమ్మ. "ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. మీ ఇంట్ల ఎవలికన్న కోపమెక్కువనా?"

నీళ్ళ చప్పుడు ఆగింది.

"మా ఆయనకు మా బంకుల పనిచేసే ఓదెలు మీద అనుమానం పెద్దమ్మా. సంచి తీస్కపోయె టైము వాడే ఆ దొంగలకు చెప్పిండంటడు. పోలీసోళ్ళు అడిగిండ్రు, చూసిండ్రు, వాడు గాదన్నరు. ఈయన వినడు. ఒక్క కన్నుతోని పొద్దంత వాన్నే చూస్తడు. వాని చేతి నీళ్ళు గూడ ముట్టడు. లైసెన్స్ పెట్టుమని నా పానం తిన్నది గూడ ఆయననే."

నాకు పెట్టెలో చెమట పట్టినట్టయింది.

కాగితాల పని పూర్తయి నేను బంకు ఆఫీసు చేరాను. మూడోరోజు పొద్దున ఆటో దిగి సమ్మయ్య వచ్చాడు. నల్లద్దాలు, చేతిలో కర్ర. కిటికీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బయట ఓదెలు ట్రాక్టరుకు డీజిలు పడుతున్నాడు. నెత్తి సగం నెరిసిన మనిషి, పదిహేనేళ్ళ నౌకరి.

"ఏది, చూడనియ్యి" అని సమ్మయ్య చెయ్యి చాచాడు. కన్ను మాత్రం కిటికీ మీదే ఉంది.

కనకలక్ష్మి అప్పుడే బ్యాంకు నుంచి వచ్చి నన్ను సంచిలోంచి తీసి ఇనుప సొరుగులో పెడుతోంది. ఆ చేతిని చూసింది. ఆ కన్ను ఎటు చూస్తోందో చూసింది.

"లైసెన్స్ ఎవరి పేరుంటే వాళ్ళే ముట్టాలె" అంది. "ఇంగ, రాత్రి గూడ ఈడనే తాళమేసి ఉంచాలె. ఇంటికి తేవద్దట. రూలు."

"ఎవడు చెప్పిండు?"

"కమిషనర్ ఆఫీసుల చెప్పిండ్రు."

లైసెన్సు పుస్తకం నా కిందే ఉంటుంది. మొదట చెప్పిన రూలు నిజమే. రెండోది అందులో ఏ పేజీలోనూ లేదు. తన ఇంట్లో తన మొగుణ్ణి నమ్మలేకపోతున్నానని ఆమె తనకు తానే ఒప్పుకున్న క్షణం అది. ఎంత కష్టంగా ఒప్పుకుందో, సొరుగు మూసే ముందు నా మీద ఆనిన ఆమె వేళ్ళ చల్లదనమే నాకు చెప్పింది.

తాళం పడింది. చీకట్లో నాకు ఇక చెవులే దిక్కయ్యాయి.

"ఓదెలన్నా" అని కనకలక్ష్మి కేకేసింది. "ఆయనొచ్చిండు. చాయ్ పట్టుకరా."

చెప్పుల చప్పుడు దూరమై, మళ్ళీ దగ్గరైంది. "తీస్కోండ్రి సార్" అన్నాడు ఓదెలు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఓదెలు పోలేదు, కనకలక్ష్మి కూర్చోలేదు. బయట ట్రాక్టరు వెళ్ళిపోయింది.

చివరికి గ్లాసు బల్ల మీంచి లేచింది. ఒక గుటక వినిపించింది.

"చక్కెర తక్కువైంది" అన్నాడు సమ్మయ్య.